తరగతిలో ఆ బిడ్డ కూడ ఉన్నదని తలంచి
పాఠశాలలలో ఎయిడ్స్ విద్యకు పథకము వేయుట గురించి ఒక అధ్యయనము

ఈ అధ్యయనము మన సంఘములలోని ఉపాధ్యాయులకు, పాఠశాల నిర్వాహకులకు, కౌమార వయస్సు పిల్లలున్న తల్లిదండ్రులకు ఉద్దేశించబడినది. కౌమారము అనగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 10 నుండి 19 సంవత్సరముల వయస్సు. దీనిని ఎవరికి వారు చదువుకొనవచ్చును. యువజన కూటములోగాని తల్లిదండ్రుల సమావేశములోగాని భాగములుగా చదివి చర్చించుకొనవచ్చును. చివర ప్రశ్నలు ఇచ్చియున్నాము.

మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. ఎయిడ్స్ పాఠము తయారు చేయు ఉపాధ్యాయుడు సాధారణముగా తన ఎదుట కూర్చున్న పిల్లలందరు ఆరోగ్యవంతులని, జబ్బు ఎక్కడో బయట ఉన్నదని తలంచి మాటలు ఎంచుకొనును. అట్లు కాక, ఆ 40 మందిలో ఒక బిడ్డకు పుట్టుకతోనే హెచ్.ఐ.వి. ఉన్నదని, రోజూ మాత్ర వేసుకొనుచు బడికి వచ్చుచున్నదని తలంచి పథకము వేయవలెను. అట్లు వేసిన పాఠము ఆ బిడ్డను గాయపరచదు. మిగిలిన 39 మందికి కూడ అదియే సరియైన పాఠమగును.

1. ఈ పాఠము ఇంకను అవసరమా?

"ఆ జబ్బు గొడవ ఎప్పుడో అయిపోయినది గదా" అని కొందరు పెద్దలు అందురు. మన దేశములో హెచ్.ఐ.వి. మొదటిసారి 1986లో మద్రాసులో బయటపడినది. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి చేసిన రక్త పరీక్షలలో అది తెలిసినది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడినది. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఎ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుట ప్రారంభించినది. 2010 తరువాత క్రొత్తగా సోకువారి సంఖ్య చాలావరకు తగ్గినది. ఇవన్నియు సంతోషించవలసిన సంగతులే.

అయినను 2021 అంచనా ప్రకారము దేశములో సుమారు 24 లక్షల మంది హెచ్.ఐ.వి.తో జీవించుచున్నారు. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ముందున్నవి. మన బంధువులు ఉన్న చోటు, మనము తరతరాలుగా స్థిరపడిన చోటు, రెండును ఆ పట్టికలోనే ఉన్నవి. ఇక తెలివిడి సంగతి చూడుడి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సుమారు 22 శాతము మందికి, పురుషులలో సుమారు 31 శాతము మందికి మాత్రమే ఈ విషయములో సమగ్రమైన జ్ఞానము ఉన్నట్లు తేలినది. పేరు అందరికి తెలియును. సంగతి కొద్దిమందికే తెలియును. జబ్బు తగ్గినకొలది దాని గురించి మాట్లాడుట కూడ తగ్గినది గనుక నేటి పిల్లలకు పాత భయములు మాత్రమే మిగిలినవి.

2. 2007లో ఏమి జరిగినది?

పథకము వేయువారు ముందుగా గతమును చూడవలెను. కేంద్ర ప్రభుత్వము 2005లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థతో కలిసి కౌమార విద్యా కార్యక్రమమును పాఠశాలలలో ప్రారంభించినది. రెండు సంవత్సరములు గడవకముందే అభ్యంతరములు లేచినవి. బొమ్మలు, చార్టులు మన సంస్కృతికి తగినవి కావని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, శాసనసభ్యులు పలికిరి. 2007లో మహారాష్ట్ర, కర్ణాటకతో సహా కొన్ని రాష్ట్రములు దానిని నిలిపివేసినవి. 2009లో శ్రీ ఎం. వెంకయ్య నాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ పాఠశాలలలో లైంగిక విద్య ఉండరాదని సిఫారసు చేసినది.

దీనిలో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారమై దీనిని చూచినప్పుడు రెండు సంగతులు కనబడుచున్నవి. మొదటిది, పుస్తకము బిడ్డ చేతికి వచ్చిన తరువాత తల్లిదండ్రులు దానిని చూచిరి. అంతకు ముందు చూడవలసినది. రెండవది, ఏ వయస్సుకు ఏ మాట అను క్రమము వివాదములో కొట్టుకొని పోయినది. ఒక చార్టు మీద వచ్చిన అభ్యంతరము వలన మొత్తము పాఠమే పోయినది. నష్టపోయినది పిల్లలు.

తరువాత 2020లో ఆయుష్మాన్ భారత్ క్రింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమము ప్రారంభమైనది. దాని ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాల నుండి ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైనంతవరకు ఒక పురుషుడు ఒక స్త్రీ, శిక్షణ పొందవలెను. దానిలోని 11 అంశములలో హెచ్.ఐ.వి. నివారణ కూడ ఒకటి. కనుక ద్వారము మూయబడలేదు. మన పిల్లలు చదువు బడిలో ఈ పని జరుగుచున్నదా లేదా అని ప్రధానోపాధ్యాయుని మర్యాదగా అడుగు హక్కు ప్రతి తండ్రికి, తల్లికి కలదు.

3. మొదటి సూత్రము: ఆ బిడ్డ ఇక్కడనే ఉన్నది

తల్లికి హెచ్.ఐ.వి. ఉండి చికిత్స లేనప్పుడు, గర్భములోగాని కాన్పులోగాని చనుబాల ద్వారాగాని బిడ్డకు సోకు అవకాశము నూటికి 15 నుండి 45 వరకు ఉండును. తల్లి మందులు వాడినయెడల అది 5 కంటె తక్కువకు దిగును. అయినను సమయమునకు పరీక్ష జరుగక, మందు అందక, పుట్టుకతోనే ఈ వైరస్ కలిగిన పిల్లలు ఉన్నారు. ఉచిత మందుల వలన వారు బ్రతికి, ఎదిగి, మన తరగతులలో బల్లల మీద కూర్చుండియున్నారు. కొందరికి తమ జబ్బు పేరు తెలియును. కొందరికి ఇంకను తెలియదు. "ఇది బలమునకు మాత్ర" అని అమ్మమ్మ చెప్పియుండును.

ఇప్పుడు తరగతిలో సాధారణముగా వినబడు మూడు వాక్యములను ఆ బిడ్డ చెవితో వినుడి.

"ఎయిడ్స్ వచ్చినయెడల మరణమే." ఇది నేడు నిజము కాదు. క్రమముగా మందులు వాడువారు చదువుకొని, పని చేసుకొని, దాదాపు అందరివలెనే దీర్ఘకాలము జీవించుచున్నారు. హెచ్.ఐ.వి. అనునది వైరస్, ఎయిడ్స్ అనునది చికిత్స లేక రోగనిరోధక శక్తి బాగుగా క్షీణించిన దశ. ఈ రెంటిని కలిపి చెప్పిన ఉపాధ్యాయుడు ఆ బిడ్డకు మరణశిక్ష చదివినట్లే.

"ఇది చెడు తిరుగుళ్లు తిరిగేవారికి వచ్చు జబ్బు." ఈ మాట విన్న బిడ్డ తన గురించి ఆలోచించదు, తన తల్లి గురించి ఆలోచించును. చనిపోయిన తండ్రి గురించి ఆలోచించును. "సుఖరోగము" అను పాత మాట కూడ ఇట్టిదే. నీతిని బోధించుటకు వేరే పాఠము, వేరే సమయము కలదు. జబ్బు ఎట్లు సోకునో చెప్పునప్పుడు ఎవరికి ఎందుకు సోకెనో తీర్పు చెప్పనవసరము లేదు.

"అట్టివారితో జాగ్రత్తగా ఉండవలెను." ఆ బిడ్డ మరుసటి దినము మధ్యాహ్న భోజనములో ప్రక్కకు జరిగి కూర్చుండును.

కాబట్టి పాఠములో "ఎయిడ్స్ రోగి" అనుటకు బదులు "హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారు" అనవలెను. "వాళ్లు, మనము" అను విభజన మాటలలో ఉండరాదు. ఎముకల గూడు, పుర్రె బొమ్మలు గోడకు అంటించరాదు. "మన బడిలో ఎవరికైనా ఉన్నదా?" అని అడిగినయెడల ఉపాధ్యాయుడు, "అది ఒకరి సొంత సంగతి, మనము అడుగము, ఊహించము" అని చెప్పవలెను.

చట్టము కూడ ఈ సూత్రమునే చెప్పుచున్నది. హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టము 2017లో వచ్చినది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారము హెచ్.ఐ.వి. కారణముగా బిడ్డను బడిలో చేర్చుకొనకపోవుట, పంపివేయుట, వేరుగా చూచుట తగదు. చేర్చుకొనుటకు రక్త పరీక్ష అడుగరాదు. ఒకరి సంగతి వారి సమ్మతి లేకుండ బయటపెట్టరాదు. సంఘ పెద్దలు నడుపు బడులకు కూడ ఇది వర్తించును.

"మరి ఆటలో దెబ్బ తగిలి రక్తము కారినయెడల?" అని అడుగుదురు. ఏ బిడ్డ రక్తమైనను ఒక్కటే పద్ధతి: చేతికి గ్లౌజులుగాని, లేనిచో శుభ్రమైన ప్లాస్టిక్ సంచిగాని తొడుగుకొని, ధారగా పోయు నీటితో, సబ్బుతో కడిగి కట్టు కట్టవలెను, నేలపై పడిన రక్తము మీద బ్లీచింగ్ పౌడరు నీళ్లు పోసి తుడువవలెను. అందరికి ఒకే జాగ్రత్త తీసుకొను బడికి ఎవరికి ఏమి ఉన్నదో తెలియవలసిన పనియే లేదు.

4. రెండవ సూత్రము: వయస్సును బట్టి క్రమము

6, 7 తరగతులు. శరీరము, సూక్ష్మజీవులు, రక్తము, రోగనిరోధక శక్తి. కలిసి తినుట, ఆడుట, ఒకే బల్ల మీద కూర్చుండుట వలన హెచ్.ఐ.వి. సోకదు. ఇతరులు తన శరీరమును తాకకూడని విధముగా తాకినయెడల గట్టిగా వద్దనుట, నమ్మకమైన పెద్దలకు చెప్పుట. ఈ వయస్సుకు ఇంత చాలును.

8, 9 తరగతులు. యౌవనములో శరీరమునందు, మనస్సునందు కలుగు మార్పులు. హెచ్.ఐ.వి. సోకు నాలుగు మార్గములు: రక్షణ లేని లైంగిక సంబంధము, కలుషితమైన సూదులు, పరీక్షింపని రక్తము, తల్లి నుండి బిడ్డకు. స్నేహితుల ఒత్తిడికి లొంగక "వద్దు" అనుట. తిరునాళ్లలో ఒకే సూదితో పచ్చబొట్లు పొడిపించుకొనుటలోని ప్రమాదము.

10 నుండి 12 తరగతులు. నివారణ పద్ధతులు అన్నియు, పరీక్ష, చికిత్స, వివాహమునకు ముందు ఇరువురు మాట్లాడుకొనుట, చట్టము. క్రమముగా మందు వాడి, రక్తములో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గినవారి నుండి లైంగిక సంబంధము ద్వారా ఇతరులకు సోకదని నేడు నిర్ధారణ అయినది. ఇది కూడ చెప్పవలెను.

కండోము అను మాట దగ్గర మన పెద్దలలో అనేకులు ఆగుదురు. వివాహమునకు ముందు సంయమనము, వివాహములో నమ్మకము అని మనము ఇంటిలోను, సంఘములోను బోధించుచునే ఉన్నాము. దానిని ఎవరు తీసివేయుట లేదు. అయితే 17 ఏండ్ల బిడ్డ రేపు పట్టణములో పనికి పోవును, పెండ్లి చేసుకొనును, తన భాగస్వామికి గతములో సోకియుండవచ్చును. రక్షణ ఏమిటో తెలియనందువలన ఎవరికి నీతి పెరుగలేదు. "చెప్పినయెడల పిల్లలు చెడిపోవుదురు" అను భయమును గురించి యునెస్కో 2009లో ప్రచురించి 2018లో సవరించిన మార్గదర్శకములో అనేక దేశముల పరిశోధనలను పరిశీలించి, సక్రమముగా బోధించిన చోట పిల్లలు తొందరపడుట ఎక్కువ కాలేదని తెలియజేసిరి. ఏ తరగతిలో, ఎవరు, ఏ మాటలతో చెప్పవలెనో తల్లిదండ్రులతో కలిసి నిర్ణయించుకొనవచ్చును; అసలు చెప్పకుండుట మాత్రము నిర్ణయము కారాదు.

5. మన పిల్లలకు ప్రత్యేకమైన చిక్కు: భాష

ఈ సంగతి సొంత రాష్ట్రములో ఉన్న తెలుగువారికి అంతగా తట్టదు. షోలాపూరులో మన బిడ్డ మరాఠీలో, బళ్లారిలో కన్నడములో, బరంపురములో ఒడియాలో, చెన్నపట్నములో తమిళములో, అనేక చోట్ల ఇంగ్లీషులో పాఠము వినును. ఇంటికి వచ్చి తల్లితో తెలుగులో మాట్లాడును. లెక్కలలో ఇది పెద్ద చిక్కు కాదు. శరీరము గురించిన పాఠములో మాత్రము బిడ్డ దగ్గర బడి మాట ఒకటి ఉండును, వీధిలో విన్న బూతు మాట ఒకటి ఉండును. అమ్మతో అనదగిన తెలుగు మాట ఉండదు. అందువలన అడుగవలసిన ప్రశ్న నోటిలోనే నిలిచిపోవును.

దీనికి మన సంఘములు చేయగలిగిన పని ఒకటి కలదు. బడిలో చెప్పు పాఠము సారాంశమును ఒక్క పుటలో శుభ్రమైన తెలుగులో వ్రాసి ఇంటింటికి ఇవ్వవలెను. రోగనిరోధక శక్తి, జననేంద్రియములు, ఋతుస్రావము, లైంగిక సంబంధము, సమ్మతి, గోప్యత: ఈ ఆరు మాటలు తల్లి నోట సిగ్గు లేకుండ పలుకబడిన ఇంటిలో బిడ్డ ప్రశ్న అడుగును. తెలుగు చదువరాని తల్లులు ఉన్న చోట స్త్రీల సమాజములో ఒకరు చదివి వినిపింపవచ్చును.

6. ఒక పీరియడునకు నమూనా పాఠ్యపథకము

తరగతి: 8. సమయము: 40 నిమిషములు.

లక్ష్యములు: హెచ్.ఐ.వి. సోకు మార్గములను, సోకని విధములను విద్యార్థి వేరుచేసి కారణము చెప్పగలుగును, హెచ్.ఐ.వి. ఉన్న తోటివారితో ఎట్లు ప్రవర్తించవలెనో చెప్పగలుగును.

ఉపకరణములు: 12 అట్ట ముక్కలు, మూత గల ఒక డబ్బా, అందరికి ఒకే కొలత తెల్ల కాగితములు.

సన్నాహము, 5 నిమిషములు. జలుబు, మలేరియా, కామెర్లు ఎట్లు వచ్చునో అడుగవలెను. ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క మార్గము ఉండునని పిల్లలే చెప్పుదురు. తెలిసిన దాని నుండి తెలియని దానికి పోవుట అనగా ఇదియే.

ప్రదర్శనము, 15 నిమిషములు. అట్టలను ఒక్కొక్కటి తీసి "సోకును", "సోకదు" అను రెండు వరుసలలో పెట్టించవలెను: కలిసి భోజనము, దోమ కాటు, కరచాలనము, ఒకే మరుగుదొడ్డి, దగ్గు, ఒకరి బట్టలు, ఈత కొట్టుట, రక్తదానము చేయుట, పరీక్షింపని రక్తము ఎక్కించుట, వాడిన సూది, రక్షణ లేని లైంగిక సంబంధము, తల్లి నుండి బిడ్డకు. ప్రతి దానికి "ఎందుకు?" అని అడుగవలెను. దోమ దగ్గర పిల్లలు తప్పక వాదించుదురు. దోమ కుట్టినప్పుడు తాను పీల్చిన రక్తమును మరియొకరిలోనికి ఎక్కించదు, తన లాలాజలమునే వదలును. ఈ వైరస్ దోమలో వృద్ధి చెందదు. రక్తదానము చేయువారికి ప్రతిసారి క్రొత్త సూది వాడుదురు గనుక ఇచ్చుటలో ప్రమాదము లేదు.

అన్వయము, 10 నిమిషములు. చిన్న కథ ఒకటి చెప్పవలెను: ఒక తరగతిలో ఒక విద్యార్థి గురించి పుకారు పుట్టినది, ప్రక్కన కూర్చుండువారు లేచిపోయిరి. "నీవు అక్కడ ఉంటే ఏమి చేయుదువు?" అని అడిగి జవాబులు వినవలెను. పుకారు నిజమా కాదా అను దానిలోనికి పోనీయరాదు.

ప్రశ్నల డబ్బా, 10 నిమిషములు. అందరికి కాగితము ఇచ్చి, ప్రశ్న ఉన్నవారు ప్రశ్న వ్రాయవలెనని, లేనివారు ఆ దినము నేర్చుకొనిన ఒక సంగతి వ్రాయవలెనని చెప్పవలెను. పేరు వ్రాయరాదు. అందరి కలము కదలును గనుక ఎవరు అడిగిరో తెలియదు. జవాబులు మరుసటి పీరియడులో చెప్పుట మంచిది. ఉపాధ్యాయునికి ముందుగా చూచుకొనుటకు సమయము దొరకును.

ఒక హెచ్చరిక. పిల్లల చేత కరచాలనము చేయించి, చివరకు "ఈ గుర్తు ఉన్న చీటీ వచ్చినవారికి సోకినది, వారితో చేయి కలిపినవారందరికి సోకినది" అని చెప్పు ఆట ఒకటి శిబిరములలో ఆడించుదురు. వ్యాప్తి వేగము చూపుటకు అది మంచిదని అందురు. చేయి కలిపినందువలన సోకదని ఒక ప్రక్క చెప్పి, చేతులతోనే సోకినట్లు చూపుట బోధనా పద్ధతికి విరుద్ధము. పైగా ఆ చీటీ వచ్చిన బిడ్డను తరువాత వారము దినములు ఎగతాళి చేయుదురు. ఆ బిడ్డకే నిజముగా ఉన్నయెడల ఏమగునో ఆలోచించుడి.

7. పాఠమునకు ముందు, పాఠమునకు తరువాత

ముందు: తల్లిదండ్రుల సభ. అట్టలు, బొమ్మలు, పాఠ్యపథకము బల్ల మీద పెట్టి వారిని చూడనీయవలెను. తమ బిడ్డకు ఏమి చెప్పుదురో ముందే చూచిన తండ్రి చాలావరకు అడ్డు చెప్పడు. చెప్పినను ఫలానా మాట మార్చుడి అని అడుగును, అది సహాయము.

తరువాత: పాఠము వలన ప్రశ్నలే కాక కన్నీళ్లు కూడ బయటికి వచ్చును. ఉపాధ్యాయునికి మూడు సంగతులు తెలిసియుండవలెను. ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రులలోని పరీక్షా కేంద్రములలో సలహా, పరీక్ష ఉచితము, గోప్యము. 18 ఏండ్ల లోపు వారికి తల్లిదండ్రుల లేక సంరక్షకుల సమ్మతి కావలెను. రెండు, 1097 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండ ఫోను చేసి హెచ్.ఐ.వి. గురించి అడుగవచ్చును, ఆపదలో ఉన్న పిల్లలకు 1098 కలదు. మూడు, ఎవరైనా తనను లైంగికముగా హింసించుచున్నారని బిడ్డ చెప్పినను, డబ్బాలో వ్రాసినను, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము దానిని అధికారులకు తెలియజేయుట తప్పనిసరి. కాబట్టి "ఎవరికిని చెప్పను" అని ముందుగా మాట ఇవ్వరాదు. "నీకు సహాయము చేయగలిగినవారికి మాత్రమే చెప్పుదును" అని చెప్పవలెను.

ఇక పాఠము ఫలించినదా అని ఎట్లు తెలియును? మార్గములు నాలుగు అప్పజెప్పిన బిడ్డకు మార్కులు వేయవచ్చును. అయితే నిజమైన మూల్యాంకనము మధ్యాహ్న భోజనపు వరుసలో జరుగును. ఎవరి మీదనో పుకారు వచ్చిన దినమున ఆ వరుస ఎప్పటివలెనే కూర్చుండెనా, విడిపోయెనా అని చూడవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మన ఊరి బడిలో ఆరోగ్య పాఠములకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉన్నారా? ఎవరు వెళ్లి విచారించుదురు?
2. మన ఇండ్లలో ఎయిడ్స్ గురించి వినబడు మాటలలో ఏవి ఆ బిడ్డను గాయపరచును? వాటికి బదులు ఏమి అనవచ్చును?
3. శరీరము గురించి బిడ్డ అడిగినప్పుడు తెలుగులో జవాబు చెప్పుటకు మనకు ఏ మాటలు తెలియును, ఏవి తెలియవు?
4. ఏ తరగతిలో ఏ సంగతి చెప్పవలెనను క్రమములో మీరు ఏమి మార్చుదురు? ఎందుకు?
5. హెచ్.ఐ.వి. ఉన్న బిడ్డ మన సంఘములోనే ఉన్నయెడల, ఆ సంగతి ఎవరికిని తెలియకుండగనే ఆ బిడ్డ క్షేమముగా ఉండుటకు ఈ నెలలో మనము ఏ ఒక్క పని చేయగలము?